మూలనుంచిన పాత ట్రాక్టరు : విద్యుద్దోషములను వెదకు క్రమము

రోహిణి కార్తె వెడలుచుండగా మా యొద్దకు వచ్చు ప్రశ్నలలో విత్తనమును గూర్చినవి సగము, ట్రాక్టరును గూర్చినవి సగము. యాసంగి కరిగెట ముగిసిన పిదప కొట్టములో గాని వేపచెట్టు క్రింద గాని నిలిపిన పాత బండి నాలుగైదు మాసములు కదలక యుండును. తొలకరి పడిన నాడు తాళము త్రిప్పగా "టక్" మని యూరకుండును. లేదా ఆ మాత్రపు చప్పుడును చేయదు. వెంటనే "బ్యాటరీ పోయినది" అని తీర్పు చెప్పబడును. రైతు జగిత్యాలకో కోరుట్లకో సిరిసిల్లకో పోయి, అప్పు చేసి కొత్త బ్యాటరీ తెచ్చును. కొన్ని పర్యాయములు దానితో బండి నడచును. అనేక పర్యాయములు నడువదు. నడచినను పది దినములలో మరల నిలిచిపోవును. ఈ లోపల దుక్కి యదను దాటిపోవును.

కొనుటకు ముందు కొలువవలెనని సభ్యులకు చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. నిలువ యుంచిన బండిలో కనబడు విద్యుద్దోషములలో పెక్కు బ్యాటరీలోను కావు, సెల్ఫు మోటారులోను కావు. వాని నడుమనున్న అతుకులలో నుండును. అతుకును బాగుచేయుటకు గరుకు కాగితము, పానా, ఒక గంట కాలము చాలును.

ఇతరుల తప్పులను చూచి మేమీ మాట చెప్పుట లేదు. కొన్ని యేండ్ల క్రిందట కోరుట్ల సమీపమున నొక గ్రామములో వృద్ధుడైన యొక కాపు మమ్ము పిలిచి, "సారూ, బ్యాటరీ ఖతమైనట్టుంది, జర చూడుండ్రి" అనెను. తాళము త్రిప్పగానే ముందరి లైట్లు దీపపు వత్తివలె క్షీణించిపోవుట చూచితిమి. చేతిలో మీటరు లేదు. అయినను తెలిసినవారివలె "అవును కాకా, కొత్తది తెచ్చుకోవాలె" అంటిమి. అతడు ఇంటనున్న మక్కలు అమ్మి కొత్తది తెచ్చెను. రెండు దినములు నడచినది. మూడవ నాడు మరల అదే క్షీణించుట, అదే "టక్". అప్పుడు మీటరు తీసికొనిపోయి బండి క్రింద పండుకొని చూడగా, బ్యాటరీ నుండి బండి శరీరమునకు పోవు ఎర్తు పట్టీ యొక్క బోల్టు క్రింద రంగును, రంగు క్రింద త్రుప్పును కనబడెను. అంతకు ముందటి సంవత్సరము బండికి రంగు వేయించినప్పుడు ఆ బోల్టు చుట్టును పూసినారు. గీకి, బిగించి, పాత బ్యాటరీని రాత్రియంతయు చార్జి పెట్టి కట్టగా ఇంజను ఒక్క త్రిప్పునకు లేచెను. ఆ పాత బ్యాటరీ మరి రెండు పంటలకు పనిచేసినది. ఆ కాపు మమ్ము ఒక్క మాటయు అనలేదు; చాయ తెప్పించి త్రాగించెను. ఏమైన ననియుండినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

లైట్లు వెలుగుచుండగా సెల్ఫు ఏల తిరుగదు? ఇది తెలిసినచో తక్కినది సులభము. చెరువు, తూము, కాలువ, మడి యెరిగినవారికి ఇది యెరుగుట కష్టము కాదు. బ్యాటరీ చెరువు. చెరువులోని నీటి మట్టము వోల్టుల వంటిది. కాలువలో పారు నీటి పరిమాణము ఆంపియర్ల వంటిది. ముందరి దీపమొకటి ఇంచుమించు 5 ఆంపియర్లు త్రాగును. అది నారుమడి వంటిది. సెల్ఫు మోటారు బిగిసియున్న డీజిలు ఇంజనును త్రిప్పునప్పుడు 200 ఆంపియర్లు, అంతకు మించియు త్రాగును. అది ఆయకట్టంతయు ఒక్కమారు తడుపుట వంటిది. కాలువలో పూడిక యున్నను నారుమడి తడియును, ఆయకట్టు తడియదు.

లెక్క వేసి చూడుడు. త్రుప్పు పట్టిన అతుకులో ఓములో నూరవ పాలు మాత్రమే నిరోధము గలదనుకొందము. దీపపు 5 ఆంపియర్లు దాని గుండా పోవునప్పుడు నష్టము ఒక వోల్టులో ఇరువదవ వంతు, కంటికి తెలియదు. సెల్ఫు 200 ఆంపియర్లు లాగునప్పుడు ఆ అతుకులోనే 2 వోల్టులు పోవును. నిరోధము రెట్టింపైనచో 4 వోల్టులు పోయి, 12 వోల్టుల బ్యాటరీ నుండి సెల్ఫునకు చేరునది 8 మాత్రమే. పోయిన శక్తి యెక్కడికిని పోదు, అతుకులోనే వేడియగును. కావుననే సెల్ఫు కొట్టిన వెంటనే చెడ్డ అతుకును వ్రేలితో తాకినచో కాలును. పాఠశాలలో కంఠస్థము చేసిన ఓము నియమము మాకు ఆ ట్రాక్టరు క్రింద పండుకొనినప్పుడు గాని నిజముగా అర్థము కాలేదు.

చెరువునకును బ్యాటరీకిని ఒక భేదము కలదు. మడికి పారిన నీరు తిరిగి రానక్కరలేదు. విద్యుత్తు మాత్రము బయలుదేరిన చోటికి తిరిగి రావలయును. పోవు దారి లావైన ఎఱ్ఱ వైరు. వచ్చు దారి ఇంజను ఇనుము, బండి శరీరము, అక్కడి నుండి ఎర్తు పట్టీ, బ్యాటరీ యొక్క మైనసు కొన. ట్రాక్టరునకు 'ఎర్తు' అనగా బోరు మోటారునకు ఉప్పును బొగ్గును వేసి పాతిన గుంట వంటిది కాదు. రబ్బరు చక్రములపై నిలుచు బండికి భూమితో పనిలేదు. రైతులు ఎఱ్ఱ వైరును తుడుతురు, నల్ల వైరును మరతురు. సగము దారి అదియేయని జ్ఞాపకముంచుకొనవలెను. కొన్ని పాత విదేశపు బండ్లలో ప్లస్సు కొననే శరీరమునకు కలిపియుండెడివారు. అట్టి బండి మీదైనచో విప్పుటకు ముందే గుర్తు పెట్టుకొనుడు.

సిరిసిల్ల ప్రాంతపు సభ్యులకు 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము ద్వారా కరెంటు వచ్చుచున్నది. మరమగ్గముల మోటార్ల వద్ద పెరిగినవారికి ఫ్యూజు, న్యూట్రలు అను మాటలు కొత్తవి కావు. అయితే ఆ కరెంటుకు భయపడు చేయి బ్యాటరీకి భయపడదు; 12 వోల్టులు మనుష్యుని కొట్టవు గనుక. ఇది పొరపాటు. బ్యాటరీ రెండు కొనలకు పానా అడ్డు పడినచో క్షణములో పానా ఎఱ్ఱబారును. చేతి ఉంగరము, కడియము, గడియారపు గొలుసు అడ్డుపడినచో మాంసము వఱకు కాలును. బ్యాటరీ వద్ద పనిచేయుటకు ముందు వీనిని తీసి యుంచవలెను. విప్పునప్పుడు మైనసు ముందు, ప్లస్సు తరువాత. బిగించునప్పుడు ప్లస్సు ముందు, మైనసు తరువాత. అట్లు చేసినచో పానా బండి యినుమునకు తగిలినను రవ్వ లేవదు.

ఇక మూలనున్న కాలములో బండికి ఏమి జరుగునో చూతము. సీసపు పలకలు, గంధకామ్లము గల ఈ బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుడైన ప్లాంటే కనిపెట్టెను. నేటికిని మన ట్రాక్టర్లలో నున్నది ఆ జాతిదే. ఇది వాడినను వాడకున్నను తనలో తాను ఖర్చగుచుండును. వేడి పెరిగిన కొలది ఆ ఖర్చు హెచ్చును. జగిత్యాలలో వేసవి 45 డిగ్రీలకు పోవు దినములలో నిలిచిన బ్యాటరీ చలికాలములో కంటె ఎన్నో రెట్లు త్వరగా దిగిపోవును. దిగిన బ్యాటరీలో రెండు పలకలపైనను సీసపు సల్ఫేటు ఏర్పడును. వెంటనే చార్జి చేసినచో అది కరగిపోవును. నెలల తరబడి విడిచినచో గట్టి స్ఫటికములై, తరువాత ఎంత చార్జి పెట్టినను కరగదు. బ్యాటరీలు చచ్చుటకు ముఖ్య కారణములలో నిది యొకటి.

దీనికి తోడు దొంగ ఖర్చు. ఈ దినములలో పాటల పెట్టె లేని ట్రాక్టరు అరుదు. పాట కరిగెట దున్నువానికి శ్రమ తగ్గించునని మేమును ఒప్పుకొందుము. కాని దాని వైరును తాళముతో సంబంధము లేక నేరుగా బ్యాటరీకి కలిపినచో, పాట ఆగినను లోపల కొంత కరెంటు పోవుచునే యుండును. ఒక ఆంపియరులో ఇరువదవ వంతు పోవుచున్నదనుకొనినను దినమునకు 1.2 ఆంపియరు గంటలు; 75 ఆంపియరు గంటల బ్యాటరీ రెండు మాసములలో ఖాళీ యగును.

మూడవది మన్ను. కరిగెటలో కేజీవీల్సు చిమ్మిన బురద ఎర్తు బోల్టుల చుట్టును ఎండి, తేమను పట్టి యుంచి, త్రుప్పు పెంచును. బ్యాటరీ కొనలపై తెల్లగా, పచ్చగా పూచు పొడి నాలుగవది. అయిదవది ఎలుక, దానిని గూర్చి ముందు చెప్పెదము.

పరీక్షకు పూనుకొనునప్పుడు మొదట బ్యాటరీనే చూడవలెను. చెరువులో నీరు లేనిచో కాలువను త్రవ్వి ప్రయోజనము లేదు. వంటసోడాను నీటిలో కలిపి కొనలపై పోసినచో పొంగి పొడి విడిపోవును. ఆ నీరు లోపలి గదులలో పడకుండ మూతలు బిగించి యుంచవలెను. క్లాంపును తీసి, దాని లోపలి వైపును, బ్యాటరీ కొనను గరుకు కాగితముతో సీసము మెఱయు వఱకు రుద్దవలెను. పైకి శుభ్రముగా నున్న క్లాంపు లోపల నల్లబారి యుండుట సర్వసాధారణము. బిగించిన పిదప పైన వాజలీను పూయవలెను. పూసి బిగించుట కాదు.

మూతలున్న బ్యాటరీయైనచో ఆరు గదులలోను పలకలు నీటిలో మునిగియున్నవో లేదో చూడుడు. తగ్గినచో డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బోరు నీరు, కుండ నీరు పనికిరావు. అందలి లవణములు పలకలను చెఱచును. యాసిడును ఎన్నడును పోయరాదు. ఇగిరిపోవునది నీరే గాని యాసిడు కాదు. చార్జికి ముందు పలకలు మునుగునంత మట్టుకు పోసి, చార్జి ముగిసిన పిదప గుర్తు వఱకు నింపవలెను. ముందే నిండుగా పోసినచో పొంగి పొర్లును.

చార్జి నెమ్మదిగా జరుగవలెను. బ్యాటరీపై వ్రాసిన ఆంపియరు గంటలలో పదియవ పాలు మంచి కొలత. 80 గలదానికి 8 ఆంపియర్లు, రాత్రియంతయు. తొందరపడి పెద్ద కరెంటు తోలినచో బ్యాటరీ కాగును, పలకలు వంగును. చార్జి యగునప్పుడు బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెడలును. అది గాలితో కలిసి రవ్వ తగిలినచో బాంబువలె ప్రేలి యాసిడును ముఖముపై చిమ్మును. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు. మూసిన గదిలో చార్జి పెట్టరాదు. యాసిడు కంట పడినచో వెంటనే మంచినీటితో పదునైదు నిమిషములకు తక్కువ కాకుండ కడుగుచునే యుండి, తరువాత ఆసుపత్రికి పోవలెను.

చార్జి తీసిన కొన్ని గంటల తరువాత మీటరుతో చూచినచో మంచి బ్యాటరీ 12.6 వోల్టులకు తక్కువ చూపదు. 12.2 చూపినచో సగము చార్జి. 12కు దిగినచో ఇంచుమించు ఖాళీ. 10.5 ప్రాంతమున నిలిచిపోయినచో ఒక గది చచ్చినదని యనుమానింపవలెను. ఆరు గదులలో ఒక్కొక్కటి 2.1 వోల్టులిచ్చును గదా. హైడ్రోమీటరు గలవారు గది గదికి యాసిడు సాంద్రత చూచినచో ఐదు గదులు ఒక రీతిగను, ఒకటి మాత్రము చాల తక్కువగను కనబడును. ఇంకొక పరీక్ష: సెల్ఫు కొట్టుచుండగా బ్యాటరీ కొనల వద్దనే మీటరు 9.6కు క్రిందికి దిగినచో, పూర్తి చార్జి తరువాతను అట్లే దిగినచో, బ్యాటరీ ముసలిదైనది. అప్పుడు కొనుట తప్పు కాదు. ఆ కొలత లేక కొనుటయే తప్పు.

బ్యాటరీ మంచిదని తేలినచో కాలువను పరీక్షింపవలయును. ఈ పనికి ఇద్దరు కావలెను. గేరు న్యూట్రలులో నున్నదని చేతితో కదిపి చూచి, బ్రేకు వేసి, చక్రములకు రాళ్లు పెట్టి, ఇంజనును ఆపు గొలుసును లాగి యుంచవలెను. అప్పుడు సెల్ఫు తిరుగును గాని ఇంజను లేవదు. మీటరును వోల్టులపై నుంచి ఎఱ్ఱ ముల్లును బ్యాటరీ ప్లస్సు కొన యొక్క సీసముపైనే ఆనించుడు, క్లాంపుపై కాదు. నల్ల ముల్లును సెల్ఫు మోటారుపై లావు వైరు చేరు బోల్టునకు ఆనించుడు. రెండవవాడు తాళము త్రిప్పవలెను. మీటరు చూపునది ఆ దారిలో మధ్యన పోయిన వోల్టులు. అర వోల్టు లోపల నున్నచో దారి మంచిది. ఒకటి, రెండు చూపినచో పూడిక ఆ దారిలోనే యున్నది. అప్పుడు నల్ల ముల్లును వెనుకకు జరుపుచు రండు: మొదట సొలినాయిడు అవతలి బోల్టు, తరువాత ఇవతలి బోల్టు, తరువాత వైరు కొన, తరువాత క్లాంపు. ఏ అడుగులో వోల్టులు హఠాత్తుగా తగ్గునో ఆ అడుగు దాటిన చోటనే దోషము.

ఇదే విధముగా వచ్చు దారిని చూడుడు. నల్ల ముల్లు మైనసు కొన సీసముపై, ఎఱ్ఱ ముల్లు సెల్ఫు మోటారు శరీరముపై. ఇక్కడను అర వోల్టునకు మించరాదు. మేము కోరుట్ల వద్ద చూచిన బండిలో ఈ వైపున 3 వోల్టులకు పైన పోవుచుండెను. ఎర్తు బోల్టును విప్పి, రంగు, త్రుప్పు పూర్తిగా గీకి, తెల్లని ఇనుము కనబడిన పిదప కొత్త వాషరు వేసి బిగించినచో చాలును. పట్టీ అల్లిక పచ్చబారి పోగులు తెగియున్నచో మార్చవలెను. దాని వెల స్వల్పము. సెల్ఫును పది సెకండ్లకు మించి ఒక్కమారు త్రిప్పరాదు. రెండు నిమిషములు చల్లారనిచ్చి మరల త్రిప్పవలెను. తొందరలో సెల్ఫును కాల్చుకొనినవారు మా యెరుకలో కొందరు కలరు.

మీటరు లేనివారు చప్పుడును బట్టి కొంత ఊహింపవచ్చును. "కటకట కటకట" యని వేగముగా కొట్టుకొనుచున్నచో బ్యాటరీ దిగినదో అతుకు వదులో యగును. ఒకే ఒక "టక్", తరువాత నిశ్శబ్దము, లైట్లు కొంచెము మాత్రమే క్షీణించుట కనబడినచో సొలినాయిడు లోపలి రాగి ముఖములు కాలియుండును, లేదా సెల్ఫు లోపలి బ్రష్షులు నిలువలో పట్టుకొనియుండును. ఇది విప్పి చూపింపవలసిన పని. లైట్లు నిండుగా వెలుగుచు చప్పుడే లేకున్నచో దోషము సన్నని వైరులో, తాళములో, లేక న్యూట్రలు స్విచ్చిలో నుండును. ఈ కడపటి స్విచ్చిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

గేరు తగిలియున్నప్పుడు సెల్ఫు తిరుగకుండ తయారుచేసినవారు ఒక స్విచ్చి పెట్టినారు. కొన్ని బండ్లలో అది క్లచ్చి క్రింద నుండును. మూలనున్న కాలములో ఇది త్రుప్పు పట్టి పనిచేయదు. అప్పుడు మన గ్రామములలో చేయు పని యేమనగా, నేలపై నిలిచి, పెద్ద స్క్రూడ్రైవరుతో సెల్ఫుపైని రెండు బోల్టులను కలుపుట. రవ్వలు లేచి ఇంజను లేచును. చేసినవాడు తెలివిగలవాడని పేరు పొందును. కాని ఆ క్షణమున అతడు నిలిచిన చోటెక్కడ? పెద్ద చక్రమునకు ముందు. తాళమును, క్లచ్చిని, న్యూట్రలు స్విచ్చిని దాటి కరెంటు తోలినాడు గనుక గేరు తగిలియున్నను సెల్ఫు తిరుగును. పీటపై ఎవ్వరును లేరు. బండి వానిపైననే నడచును. డీజిలు ఇంజను ఒక్కసారి లేచినచో కరెంటు తీసినను ఆగదు. ట్రాక్టరు క్రింద పడి చనిపోవు విధములలో ఇది లోకమంతట ప్రసిద్ధమైనది. సెల్ఫు ఏర్పాటును మొట్టమొదట కెట్టరింగను నతడు 1912 నాటి క్యాడిలాకు కార్లలో పెట్టినది హ్యాండిలు త్రిప్పుచు మణికట్లు విరుగగొట్టుకొను బాధ తప్పించుటకు. మనము దానిని చక్రము ముందు నిలిచి నడుపుట తగదు. ఆ చిన్న స్విచ్చి వెల ఎంత? ఈ పత్రికను చదువు సభ్యులలో ఈ అలవాటు గలవారు దానిని నేడే మాని, స్విచ్చిని మార్పించుకొనవలెనని ప్రార్థించుచున్నాము.

పక్క బండి నుండి కరెంటు తీసికొనుటకును క్రమము కలదు. రెండును 12 వోల్టులవే కావలెను. 24 వోల్టుల లారీకి కలుపరాదు. ఎఱ్ఱ వైరు మొదట దిగిన బ్యాటరీ ప్లస్సునకు, తరువాత మంచి బ్యాటరీ ప్లస్సునకు. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనసునకు. దాని రెండవ కొన దిగిన బ్యాటరీకి కాక, దానికి దూరముగా ఇంజను ఇనుమునకు. కడపటి అతుకు వద్ద రవ్వ తప్పదు; ఆ రవ్వ బ్యాటరీ వాయువునకు దూరముగా లేవవలెనని ఈ ఏర్పాటు.

బండి లేచినంత మాత్రమున పని ముగియదు. ఇంజను నడిమి వేగమున తిరుగుచుండగా బ్యాటరీ కొనల వద్ద మీటరు 13.8 మొదలు 14.4 వఱకు చూపవలెను. 12.5 వద్దనే కదలక యున్నచో ఆల్టర్నేటరు పనిచేయుట లేదు. మొదట బెల్టు వదులును చూడుడు. తరువాత తాళము త్రిప్పినప్పుడు వెలుగవలసిన ఎఱ్ఱ చార్జి దీపమును చూడుడు. అనేక బండ్లలో ఆల్టర్నేటరు మేల్కొనుటకు కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే పోవును. బల్బు మాడినచో చార్జియే రాదు. కొద్ది రూపాయల బల్బు కొరకు ఆల్టర్నేటరు మార్చినవారును కలరు. 15కు మించి చూపినచో నీరు ఉడికి ఇగిరిపోవును; రెగ్యులేటరు చెడినది. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ వైరు తీసి పరీక్షించు పాత పద్ధతి డైనమో నాటిది. ఆల్టర్నేటరు గల బండిలో అట్లు చేసినచో డయోడులు మాడును. ప్లస్సు మైనసులు తారుమారు చేసినను అంతే. ఇంకను డైనమోయే యున్న బహు పాత బండ్లలో బ్రష్షులు, కటౌటు పెట్టె ముఖములు నిలువలో పాడగును. వానిని తెలిసిన ఎలక్ట్రిషియనుకు విడుచుట మేలు.

ఇక ఎలుక. గడ్డివాము ప్రక్కన బండి నిలిపినచో అది బానెట్టు క్రింద గూడు కట్టి, వైర్ల తొడుగును కొరికి తీరును. తొడుగు పోయిన రాగి ఇనుమునకు తగిలినచో ఫ్యూజు పోవును. ఫ్యూజు పోవుట మన అదృష్టము. అది పోయినదని సిగరెట్టు డబ్బీలోని వెండి కాగితము చుట్టుట, లావు తీగ కట్టుట మేము చూచుచున్నాము. అప్పుడు మండునది ఫ్యూజు కాదు. వైరు, దాని వెనుక డీజిలు పైపు, దాని వెనుక కొట్టము. ఫ్యూజు మరల మరల పోవుచున్నచో వైరును ఆసాంతము చేతితో తడుముచు పోయి కొరికిన చోటు కనిపెట్టవలెను. మెలి వేసి టేపు చుట్టుట ఒక వానకాలమునకును నిలువదు. టంకము వేయించి తొడుగు ఎక్కింపవలెను. కొన్ని ఫ్యూజులు కాలకయే, రెండు చివరల పచ్చని పొర పట్టి కరెంటును ఆపును. తీసి గీకి పెట్టినచో దీపము వెలుగును.

ట్రాలీ లైట్లను చూడని పరీక్ష పరీక్ష కాదు. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడక మునుపు చెరకు మోసిన నాటి ట్రాలీలు నేడును వడ్లు మోయుచున్నవి. వానిలో తిరుగు దారి ట్రాక్టరును ట్రాలీని కలుపు కొక్కెము, మేకు గుండా పోవును. అక్కడ త్రుప్పు, గ్రీజు, మన్ను. ఎడమ సూచిక వేసినచో వెనుక దీపములన్నియు మినుకుమినుకుమనుట తిరుగు దారి చెడినదనుటకు గుర్తు. విద్యుత్తు వేరు దారి లేక ఇతర దీపముల గుండా వెనుకకు వచ్చుచున్నది. ట్రాలీ శరీరము నుండి ప్లగ్గు వఱకు ప్రత్యేకముగా నొక ఎర్తు వైరు వేసినచో ఈ పీడ తీరును. కొనుగోలు కేంద్రమునకు వడ్లు తోలి ప్రొద్దు గ్రుంకిన తరువాత మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా పోవు 63వ జాతీయ రహదారిపై ఖాళీ ట్రాలీతో మరలువారు, వెనుక నుండి వచ్చు లారీకి తమ ట్రాలీ కనబడుచున్నదో లేదో ఒకమారు దిగి నడచి చూడవలెను. ఎఱ్ఱని మెఱపు బిళ్లలు కూడ అతికింపుడు; వానికి వైరుతో పనిలేదు.

మరల బండిని మూలకు చేర్చునాడు ఎర్తు బోల్టుల బురదను కడిగి, ఆరిన పిదప గ్రీజు పూసి, బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి, మైనసు వైరు విప్పి యుంచవలెను. అంతకంటె మేలు బ్యాటరీనే తీసి ఇంటిలో చల్లని చోట చెక్కపై నుంచి, నెలకొకమారు చార్జి చేయుట. పిల్లలకు అందని చోట నుంచుడు. వైరు విప్పిన సంగతి ఒక చీటిపై వ్రాసి తాళపు చెవికి కట్టుడు. లేనిచో మృగశిరలో మీ కుమారుడే తాళము త్రిప్పి చూచి, బ్యాటరీ పోయినదని కొత్తది తెచ్చుటకు బయలుదేరగలడు.